అక్కతో కలిసి జోంబ్లాంగ్ గోతిలోకి దిగొచ్చాను

నాకు ఎత్తులంటే భయం, ముందే చెప్పేస్తున్నాను. ఇంట్లో ఫ్యాన్ తుడవడానికి స్టూల్ ఎక్కినా కింద ఎవరో ఒకరు పట్టుకోవాలి. అలాంటివాణ్ణి ఇండోనేషియాలోని జావా దీవిలో ఒక పెద్ద గోతి అంచున కూర్చోబెట్టి, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, తాడుకి తగిలించి 60 మీటర్లు కిందికి వదిలారు, పైగా దానికి నేనే డబ్బులు కట్టాను. ఇదంతా మా అక్క పుణ్యం. ఆమెకి 54 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం. బోరోబుదూర్ బౌద్ధ స్తూపం చూడ్డానికి యోగ్యకర్త దాకా వచ్చినవాళ్ళం ఒక రోజు ఎక్కువ ఉండైనా సరే ఈ జోంబ్లాంగ్ చూడాల్సిందేనని పట్టుబట్టింది. ఫోన్లో ఎక్కడో ఒక ఫోటో చూసిందట. చీకటి గుహలో పైనుంచి పడుతున్న ఒకే ఒక్క వెలుగు స్తంభం, దాని కింద చీమంత మనిషి. ఆ చీమ తనే అయ్యి ఫోటో దిగాలని కోరిక.

బొర్రాలో, బెలూంలో లాగా టికెట్ తీసుకుని మెట్లు దిగి నడుచుకుంటూ పోతే సరిపోదు ఇక్కడ. ఇది నిలువు గుహ. పైన మామూలు నేల, టేకు చెట్లు, కర్రపెండలం చేలు. నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి నేల అయిపోతుంది. దాదాపు 50 మీటర్ల వెడల్పున నోరు తెరుచుకున్న గొయ్యి, చుట్టూ నిట్టనిలువు రాతి గోడలు, అడుగున పచ్చగా చెట్ల తలకాయలు. యోగ్యకర్త ఊరికి ఆగ్నేయంగా గునుంగ్ కిదుల్ జిల్లాలో, వోనోసారి అనే ఊరు దాటాక వస్తుంది. ఆ ప్రాంతమంతా సున్నపురాయి గుట్టలే. గునుంగ్ సెవు అంటారు, అంటే వెయ్యి కొండలు. 2015 నుంచి యునెస్కో గ్లోబల్ జియోపార్కుల జాబితాలో కూడా ఉంది.

మాది తాడిపత్రి. ఇంటి నేల మీద పరిచేదీ ఆ రాయే, బెలూం కూడా మాకు పెద్ద దూరం కాదు, కాబట్టి సున్నపురాయితో మాకు పాత పరిచయమే. వాన నీళ్ళు గాల్లోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి, ఆ నీళ్ళు రాతి పగుళ్ళలో దిగి వేల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా కరిగిస్తాయి, లోపల డొల్ల పెరిగి పెరిగి ఒకనాటికి పైకప్పు ఆగలేక కూలిపోతుంది. జోంబ్లాంగ్ అలా కూలిన గొయ్యే. బెలూంలోకి కూడా మనం దిగేది బావిలాంటి గోతిలోంచే కదా, కాకపోతే అక్కడ మెట్లు కట్టేశారు కాబట్టి మనకి ఆ సంగతి తట్టదు. బెలూంలో అన్నిటికంటే లోతైన పాతాళగంగ దగ్గర కూడా 46 మీటర్లే. ఇక్కడ దిగడం మొదలుపెడితేనే 60.

ఇక డబ్బుల సంగతి. మేం వెళ్ళినప్పుడు మనిషికి 5,00,000 రుపియాలు, అంటే మన డబ్బుల్లో రెండున్నర వేల పైచిలుకు. అందులోనే హెల్మెట్, గమ్‌బూట్లు, హార్నెస్, గైడ్, తర్వాత భోజనం, అన్నీ. కారు ఖర్చు వేరే. ఇండోనేషియాలో దిగగానే మనవాళ్ళు వీసా ఆన్ అరైవల్‌కి కట్టేది కూడా సరిగ్గా అంతే, 5,00,000. "దేశంలోకి రావడానికో అయిదు లక్షలు, దేశం కిందికి పోవడానికో అయిదు లక్షలా" అని అక్క నవ్వింది. సున్నాలు చూసి కంగారు పడకండి, రెండో రోజుకల్లా అలవాటైపోతుంది.

మేం చేసిన తప్పు ఏంటంటే, నేరుగా అడిగి మాట్లాడుకోకుండా ఊళ్ళో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర కారుతో కలిపి ప్యాకేజీ తీసుకున్నాం. పేరెందుకులెండి. పొద్దున ఆరింటికి కారు హోటల్ ముందు ఉంటుందన్నారు, మాకొక్కళ్ళకే అన్నారు. ఆరూ నలభై అయింది, కారు వచ్చింది, అందులో ఆల్రెడీ ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళకీ అదే మాట చెప్పారట, మా మొహాలు చూసి వాళ్ళూ ముడుచుకున్నారు! నలభై నిమిషాలేగా అనుకోకండి. ఈ గుహకి టైమే ప్రాణం. వెలుగు పడేది సుమారు పదింటి నుంచి మధ్యాహ్నం పన్నెండు లోపు. దిగేది ఇద్దరిద్దరుగా, పేరు రాయించుకున్న వరసలో. ఊరి నుంచి గంటన్నర, రెండు గంటల ప్రయాణం, అందులోనూ చివరి కొన్ని కిలోమీటర్లు కంకర తేలిన రోడ్డు, కారు పడవలా ఊగుతుంది. మేం చేరేసరికి మా ముందు ఇరవై మందికి పైనే ఉన్నారు. ఎనిమిదింటికల్లా అక్కడ ఉండేలా చూసుకోండి, కారువాడు ఏం చెప్పినా వినకండి.

సామాను గురించి బాగానే చెప్పాలి. బూట్లు అందరూ వేసుకుని విప్పినవే, నాకు దొరికిన కుడి బూటులో నిన్నటి తడి ఇంకా ఉంది, సాక్సులు మనవి మనం తీసుకెళ్ళడం మంచిది. కానీ హార్నెస్ కట్టే దగ్గర మాత్రం నిర్లక్ష్యం లేదు. ఒకతను పట్టీలన్నీ బిగించి కారబీనర్లు తగిలించాడు. తర్వాత ఇంకొకతను వచ్చి, మొదటతను అసలు ఏమీ చేయనట్టే, ప్రతి పట్టీ లాగి, ప్రతి కొక్కెం మర తిప్పి చూశాడు. నా తొడ దగ్గర పట్టీ మెలిక పడి ఉంటే విప్పి సరిచేసి మళ్ళీ కట్టాడు. అప్పటిదాకా దడదడలాడుతున్న నా గుండె ఆ మెలిక విప్పిన క్షణాన కాస్త సర్దుకుంది. రేటింగ్ అంటూ ఇస్తే ఆ రెండో అతనికే ఇవ్వాలి.

దింపే చోట్లు గోతి చుట్టూ ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, ఒక్కో చోట లోతు ఒక్కో రకం. మామూలు పర్యాటకుల్ని దింపేది సుమారు 60 మీటర్ల తాడు, ఇరవై అంతస్తుల బిల్డింగంత అనుకోండి. మనం చేయాల్సిందేమీ లేదు. ఇద్దర్నీ పక్కపక్కన ఒకే తాడుకి తగిలిస్తారు, అంచు మీద కూర్చోమంటారు, ముందుకు జరగమంటారు. ఆ "ముందుకు జరగడం" అనే ముక్క ఉంది చూశారూ, అదొక్కటే కష్టం. కింద నేల లేదని కాలికి తెలుస్తుంది, బుర్రకి తెలుస్తుంది, అయినా పిరుదులు రాయిని వదలవు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఒరే, కళ్ళు తెరువురా, డబ్బులిచ్చి కళ్ళు మూసుకుంటావేంద్రా!"

"అక్కా, నువ్వు కదలకు, తాడు ఊగుతోంది."

"ఊగేది తాడు కాదురా, నువ్వు వణుకుతున్నావు."

తెరిచాను. గోడ మా ముందు నెమ్మదిగా పైకి పోతోంది. పోయేది మేమే కిందికి, కానీ చూడ్డానికి అలాగే ఉంటుంది. మొదట ఎండకి కాలిన బూడిదరంగు రాయి, తర్వాత నాచు, తర్వాత రాతి పగుళ్ళలోంచి నీళ్ళు కారుతూ ఫెర్న్ ఆకులు. మధ్యలో తాడు మెల్లగా తిరగడంతో ఓసారి గోడ, ఓసారి ఖాళీ, మళ్ళీ గోడ. చల్లదనం కింది నుంచి పాదాల్లోకి ఎక్కుతుంది. పైన చెమట కారుతున్నవాళ్ళం సగం దిగేసరికి ఎవరో ఫ్రిజ్ తలుపు తీసినట్టయింది. మొత్తం మూడు నాలుగు నిమిషాలే ఉంటుందేమో, నాకైతే అరగంట అనిపించింది, అక్క మాత్రం "అప్పుడే అయిపోయిందా" అంది.

అడుగున అడవి ఉంది. పొదలు, నాచు అనుకునేరు, నిజంగా పెద్ద చెట్లతో అడవే. పైనేమో ఎండిన గుట్టలు, వానలు లేని నెలల్లో ఆ జిల్లాలో చాలా ఊళ్ళకి నీళ్ళ ట్యాంకర్లే దిక్కు, ఎందుకంటే పడ్డ వాన పడ్డట్టు ఇలాంటి గోతుల్లోంచి భూమి లోపలికి జారిపోతుంది. కిందేమో ఆ నీటి మీదే బతికే పచ్చదనం. నేలంతా ఆకులు కుళ్ళిన వాసన, మన చిట్టడవుల్లో వాన పడ్డ మర్నాడు వచ్చే వాసన. తల పైకెత్తితే ఆకాశం కొప్పెరంత. గైడ్ ఇక్కడ ఎవర్నీ ఆగనివ్వడు, వెలుగు టైము దాటిపోతుందని తొందరపెడతాడు. నా ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. అందరూ ఆ ఫోటో కోసమే వస్తారు కాబట్టి వాళ్ళూ ఆ ఫోటో చుట్టూనే టైము సర్దుతారు. నన్నడిగితే ఈ అడవి దగ్గర అరగంట కూర్చోనిచ్చి ఉంటే బాగుండేది. తిరిగి వచ్చేటప్పుడు కూర్చున్నాం, అది వేరే కథ, చెప్తాను.

అక్కణ్ణుంచి జోంబ్లాంగ్ గోడలో ఒక పెద్ద చీకటి నోరు. అందులోంచి సుమారు 300 మీటర్లు అడ్డంగా నడిస్తే పక్కనున్న ఇంకో నిలువు బిలం అడుగుకి చేరతాం, దాని పేరు లువెంగ్ గ్రుబుగ్. లువెంగ్ అంటే జావా భాషలో ఇలాంటి నిలువు గొయ్యి. దారి పొడవునా బురద, మామూలు బురద కాదు, బూటుని మింగి చప్పరించి వదిలే రకం. జారే చోట్ల పట్టుకోవడానికి తాళ్ళున్నాయి. అక్క మోకాళ్ళ కోసం గైడ్ ప్రత్యేకంగా నెమ్మదిగా నడిచాడు, "ఇబు, ఇబు" అంటూ చెయ్యి అందించాడు. ఇబు అంటే అమ్మ, పెద్దావిడని అక్కడ అలాగే పిలుస్తారు. మగవాళ్ళని మనం "మాస్" అనాలి, అన్నా అన్నట్టు. ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్ళండి, మనుషులు ఎంత మారిపోతారో చూడండి.

నడుస్తుంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. లోపలెక్కడో ఏరు. కాలిసుచి అని దాని పేరు. కాలి అంటే ఏరు, సుచి అంటే మన శుచే. ఆ మాటకొస్తే వాళ్ళు గుహని "గోవా" అంటారు, అదీ మన గుహ మాటే. వోనోసారిలో వోనో మన వనం. ఈ గుహని 1984లో మొదట శోధించిన యోగ్యకర్త గుహాన్వేషకుల క్లబ్బు పేరు అచింత్యశూన్యత! అలాంటి పేరు పెట్టుకుని గోతుల్లోకి దిగేవాళ్ళంటే నాకు ఎనలేని గౌరవం కలిగింది. అన్నిటికంటే తమాషా, ఆ వెలుగుని అక్కడ "చాహయా సుర్గా" అంటారు. సుర్గా స్వర్గం, అది ఇట్టే తెలిసిపోతుంది. చాహయా మన ఛాయే. మనకి ఛాయ అంటే నీడ, వాళ్ళకి వెలుగు.

సరే, వెలుగు. మేం చేరేసరికి పదకొండు దాటింది. గ్రుబుగ్ లోతు సుమారు 90 మీటర్లు, పైన నోరు చిన్నది, ఆకులతో సగం కప్పుకుని ఉంటుంది. ఆ సందులోంచి ఎండ గీతలు గీతలుగా దిగుతుంది. పైనుంచి నీటి చుక్కలు ఎడతెరిపి లేకుండా రాలుతుంటాయి, లోపలంతా తుంపర, ఆ తుంపర వల్లే వెలుగు ఒక వస్తువులా కనిపిస్తుంది. మధ్యలో నీళ్ళు కారి కారి పేరుకున్న పెద్ద రాతి దిబ్బలు, పచ్చగా తడిగా మెరుస్తూ. సరిగ్గా వాటి మీద పడుతుంది వెలుగు. మేఘం అడ్డొచ్చినప్పుడు పది నిమిషాలు మామూలు బూడిదరంగు గుహ, అంతే. మేఘం తొలగగానే గుహలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి "ఆ" అన్నారు, భాషలు వేరైనా ఆ ఒక్కటీ ఒకటే. అద్భుతమే, కాదనను. కానీ ఆ దిబ్బ మీద నిలబడడానికి ఫోన్లు పట్టుకున్న ముప్పై మంది లైన్ కూడా ఫోటోలో పడని నిజం. గైడే వరసగా ఎక్కించి, ఫోన్ తీసుకుని, చెయ్యి పైకెత్తమని చెప్పి, రెండు క్లిక్కులు కొట్టి దింపేస్తాడు. పెళ్ళి రిసెప్షన్లో స్టేజి ఎక్కినట్టే. లెన్స్ మీద తేమ పడుతుంది, తుడుచుకోవడానికి పొడి గుడ్డ జేబులో ఉంచుకోండి.

ఇంకో విషయం కూడా ఉంది, బ్రోచర్లలో కనపడదు. 1965-66లో ఇండోనేషియాలో కమ్యూనిస్టులన్న పేరుతో లక్షల మందిని చంపేశారు. అప్పుడు కొందర్ని ఈ గ్రుబుగ్ నోటి దగ్గరికి తెచ్చి లోపలికి తోసేశారని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను వెళ్ళే ముందే చదివాను, అక్కకి చెప్పలేదు. ఆమె ఆ దిబ్బ మీద చేతులు చాచి నిలబడితే నేను ఫోటో తీశాను, నా వంతు వచ్చినప్పుడు మాత్రం వద్దని తల ఊపాను. గైడ్ ఎందుకని అడగలేదు. సాయంత్రం కార్లో చెప్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు, ఆ ఫోటో ఎవరికీ పంపలేదు కూడా.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని సంగతి. దిగడం కంటే ఎక్కడానికి ఎక్కువ టైము పడుతుంది. పొద్దున ఒక్కొక్క జంటగా దిగినవాళ్ళు వెలుగు అయిపోగానే అందరూ ఒకేసారి తాడు దగ్గరికి వస్తారు. మేం గంటా పదిహేను నిమిషాలు ఆగాం. అదే నేను చెప్పిన అడవిలో కూర్చోవడం. కింద బాత్రూం లేదు, పైన దిగే ముందే వెళ్ళిరండి, ఈ రివ్యూలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకునేట్టయితే ఇదే పెట్టుకోండి. మంచినీళ్ళ బాటిల్, రెండు బిస్కెట్లు ఉంచుకోవడం కూడా మంచిది. షుగర్ ఉన్నవాళ్ళకి మరీను.

పైకి లాగేది మోటారు కాదు, మనుషులు. దింపేటప్పుడు మా భయంలో మేం ఉండి గమనించలేదు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, పది పదిహేను మంది, తాడు భుజాన వేసుకుని గోతికి దూరంగా ఒక బాట వెంట నడుస్తారు. కప్పీ మీదుగా తాడు ఇటు పోతుంటే అటు మనం లేస్తాం. అంటే గోతిలోంచి మనం పైకొచ్చే ప్రతి మీటరూ ఎవరో మట్టిలో కాలు తన్ని నడిచిన మీటరే. పైకొచ్చి బెల్టులు విప్పుకున్నాక చూశాను, అందులో నా వయసు వాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు, ఒకతను నోట్లో సిగరెట్టు ఆరకుండానే లాగుతున్నాడు. టిప్ ఎవరూ అడగలేదు. మేం ఇచ్చాం.

భోజనం గురించి రెండు ముక్కలు. అన్నం, వేయించిన కోడి, టెంపే అనే సోయా గింజల ముద్ద, పక్కన సంబల్. అక్క మాంసం తినదు, ముందే చెప్తే కోడి బదులు కోడిగుడ్డు పెట్టారు, గుడ్డూ తినదని మళ్ళీ సైగలు చేస్తే టెంపే ఇంకో రెండు ముక్కలు వేశారు. సంబల్ మాత్రం రోట్లో నూరిన పండుమిరప పచ్చడికి చెల్లెలే. ఆకలి మీద ఉన్నామేమో, అమృతంలా ఉంది.

ఎవరు వెళ్ళొచ్చు అని నన్ను ఇప్పటికే ముగ్గురు అడిగారు. నడవగలిగి, బురదలో జారకుండా ఆనగలిగితే వయసు పెద్ద అడ్డు కాదు, మా అక్కే సాక్ష్యం. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, వెన్నునొప్పి ఉన్నవాళ్ళు వద్దు, ఆ పట్టీలు తొడల దగ్గర గట్టిగా పడతాయి. బాగా చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొద్దు. సుమారు మే నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ, అప్పుడే వెళ్ళండి. వానాకాలంలో బురద రెట్టింపు, ఆకాశం మబ్బు పడితే వెలుగూ ఉండదు, డబ్బులు మాత్రం అవే. తెల్ల బట్టలు వేసుకున్న ఒకమ్మాయి మా ముందు దిగింది, పైకొచ్చేసరికి చాక్లెట్‌లో ముంచి తీసినట్టుంది. మార్చుకోవడానికి ఒక జత పైన కార్లో పెట్టుకోండి.

నా లెక్క: దిగడం, ఎక్కడం, ఆ అడవికి కలిపి ఐదుకి ఐదు. వెలుగుకి, ఫోటో లైనుకి కలిపి మూడు. మేం పట్టుకున్న ట్రావెల్స్‌కి ఒకటి, అది కూడా కారు చివరికి వచ్చింది కాబట్టి. ఇంకోసారి వెళ్తావా అంటే వెళ్తాను, కాకపోతే వారం మధ్యలో, తెల్లవారకముందే బయల్దేరి.

అన్నం తిన్నాక కారు ఎక్కుదాం రా అంటే అక్క కనిపించలేదు. వెతికితే ఆ తాడు బాట దగ్గర ఉంది. కింద ఇంకా రెండు జంటలు మిగిలి ఉన్నారట. లాగేవాళ్ళలో ఒకాయన నవ్వుతూ వెనకున్న తాడు కొస ఇచ్చాడు, మా అక్క చీర కొంగు దోపినట్టు టీషర్టు అంచు నడుంలో దోపుకుని, వాళ్ళు ఏదో పదం పాడితే దానికి లయగా "హైస్సా" అంటూ, మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి వెనక్కి వెనక్కి నడుస్తోంది.